ఎర్రబోడు మీద ఎదురుమంట

ముప్పై ఏళ్ళుగా ఏటా అడవికి నిప్పు పెడుతున్న మనిషినే ఫైర్ వాచరుగా పెట్టుకుంటానని హెప్సిబా అన్నప్పుడు, రేంజర్ ఆనంద్ తాగుతున్న టీ గ్లాసు బల్ల మీద పెట్టి ఆమె ముఖంలోకి చూశాడు. వేళాకోళమేమో అనుకున్నాడు. ఆమె ముఖంలో ఆ జాడ లేదు.

"ఆ వెంకటప్పయ్య మీద మన ఆఫీసులో ఎన్ని కేసులున్నాయో తెలుసా మీకు?"

"నాలుగు సార్. నాలుగూ సాక్ష్యం లేక కొట్టేసినవే."

"మరి?"

"అందుకే సార్. ముప్పై ఏళ్ళు నిప్పు పెట్టి ఒక్కసారి కూడా దొరకలేదంటే, ఆయనకి ఆ కొండలూ ఆ గాలీ ఎంత తెలుసో చూడండి. అది మనలో ఎవరికీ తెలియదు."

హెప్సిబా మాచర్ల రేంజిలో బీట్ ఆఫీసరుగా చేరి అప్పటికి రెండు నెలలు. సొంత ఊరు క్రోసూరు పక్కన పల్లె. తండ్రి ఏసయ్య మూడెకరాల్లో పత్తీ మిరపా వేసే రైతు. బోటనీతో డిగ్రీ చేసి, ఇంట్లో అందరూ టీచరు ఉద్యోగం చూసుకోమంటుంటే అటవీ శాఖ పరీక్ష రాసింది. పదహారు కిలోమీటర్లు నడవమన్న పరీక్షలో అందరికంటే ముందు వచ్చి, వెనక వచ్చేవాళ్ళ కోసం మంచినీళ్ళ సీసాలు పట్టుకుని నిలబడింది. ఆమెకిచ్చిన రాళ్ళవాగు బీటు వెల్దుర్తి దాటాక, పొలాలు అయిపోయి నల్లమల మొదలయ్యే చోట ఉంది.

చేరిన మొదటి వారమే ఆమె ఆరేళ్ళ ఫైర్ మ్యాపులు ముందేసుకుని కూర్చుంది. ఏ వేసవిలో ఎక్కడ కాలిందో నల్లటి మచ్చలుగా ఉంటుంది వాటిలో. ఆరింటిలోనూ ఒక వింత కనిపించింది. బీటు నడుమ చెమ్మకోన అని ఒక లోయ ఉంది. దాని చుట్టూ కొండలన్నీ ఏటా కాలుతున్నాయి. కోన మాత్రం ఒక్క ఏడూ కాలలేదు. ఎండిన అడవిలో మంట ఎక్కడికి పడితే అక్కడికి పోతుంది, ఒక లోయ దగ్గర ఆరేళ్ళూ మర్యాదగా ఆగిపోదు. ఎవరో ఆపుతున్నారు.

ఆమె నాలుగు రోజులు ఆ కోన చుట్టూ తిరిగింది. కాలిన నేల అంచున, గొర్రెలు నడిచే దారి వెంట సన్నటి పట్టీ ఒకటి కనిపించింది. మిగతా నేల కంటే ముందే, ఏ జనవరిలోనో, ఎవరో ఆ పట్టీని జాగ్రత్తగా కాల్చి పెట్టుకున్నారు. ఫిబ్రవరిలో పెట్టిన పెద్ద మంట ఆ పట్టీ దాకా వచ్చి, కాలడానికి ఏమీ లేక చచ్చిపోయింది.

ఆఫీసులో పాత కేసులన్నీ ఎవరి మీద ఉన్నాయో ఆ వెంకటప్పయ్య కొండ కింది ఊరి చివర చింతచెట్ల కింద గొర్రెలమంద తోలుకుని ఉంటాడని తెలుసుకుని ఒక మధ్యాహ్నం వెళ్ళింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. గొర్రెపిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని దాని గిట్టలో ఇరుక్కున్న ముల్లు తీస్తున్నాడు. ఖాకీ బట్టలు చూసి కూడా లేవలేదు. పక్కన ఆయన భార్య కొండమ్మ గొర్రెపిల్లలకి పాలు తాపుతోంది.

"నేను కేసు రాయడానికి రాలా బాబాయ్" అంది హెప్సిబా, ఎదురుగా నేల మీదే కూర్చుని. "చెమ్మకోన చుట్టూ పట్టీ కాల్చిందెవరో గాని చేయి తిరిగిన మనిషి. గీసిన గీత దాటలా మంట. అది ఎట్టా చేశారో తెలుసుకుందామని వచ్చా."

"ఎవరు చేశారో నాకేం తెలుసు."

"మంచు తడి ఆరీ ఆరకముందు కాల్చాల" అంది కొండమ్మ. "ఎనిమిది దాటాక, పదిలోపు."

"ఏమే, నువ్వు ఊరుకో."

"ఆ పిల్ల కేసు కాదంటంది గదా. నీకు తెలిసింది చెప్పేదానికి ఏం రోగం?"

వెంకటప్పయ్య ముల్లు తీసి, గొర్రెపిల్లను వదిలి, అప్పుడు హెప్సిబా వైపు చూశాడు. తన పనితనాన్ని ఎవరైనా గుర్తించి అడగడం ఆయనకి కొత్త. ఇంతకాలం వచ్చినవాళ్ళంతా బెదిరించినవాళ్ళే. మొదట ఒకటి రెండు మాటలు చెప్పాడు. తర్వాత గంటసేపు ఆపకుండా చెప్పాడు. ఏ గాలి ఏ పూట ఎటు తిరుగుతుందో, ఏ వాలులో మంట నడుస్తుందో, ఏ వాలులో పరిగెత్తుతుందో, కోనలో ఊట ఉంది గనక వేసవిలో మందకి నీళ్ళు అక్కడే గనక దాన్ని తాను ఎట్లా కాపాడుకున్నాడో, అన్నీ.

"మరి మిగతా కొండలు ఎందుకు కాలుస్తారు?"

"ఎండుగడ్డి మీద నా గొర్రెలు మూతి పెట్టవు మేడమ్మా. కాలిస్తే చిగురొస్తది. మా నాయన చేశాడు, నేను చేస్తన్నా. అడవికేమైంది? కళ్ళ ముందే ఉంది గదా."

"రేపు నాతో ఒక పూట రండి. మీరే చూపిద్దురుగాని."

మర్నాడు ఇద్దరూ పడమటి వాలు ఎక్కారు. ఆ వాలులో ఎగిసె చెట్లు చాలా ఉన్నాయి. గాటు పెడితే నెత్తురులాంటి జిగురు కారే చెట్టు అది. దాని చెక్కతో చేసిన గ్లాసులో నీళ్ళు తాగితే సుగరు తగ్గుతుందని జనం నమ్మకం. అందుకని ఎక్కడెక్కడి నుంచో వచ్చి కొట్టుకుపోతుంటారు కూడా. హెప్సిబా తన మోచేతి కింద చేత్తో చుట్టి చూపించింది.

"ఇంత లావు ఎగిసె ఒక్కటి చూపించండి బాబాయ్. పెద్దవి వద్దు. పడుచు చెట్టు."

"దానికేం భాగ్యం" అని వెంకటప్పయ్య బయల్దేరాడు. మధ్యాహ్నం దాకా తిరిగాడు. అడవిలో తనకి దొరకనిది ఉంటుందని ఆయన అనుకోలేదు. పెద్ద చెట్లు వందకు పైనే కనిపించాయి, ప్రతి దాని మొదలూ మసిబారి ఉంది. నల్లమద్ది చూశాడు, అదీ అంతే. ఏపె చూశాడు, అదీ అంతే. చేతిలావువి లేవు, వేలిలావువి లేవు. చివరికి కోన అంచు దిగాక, పట్టీకి ఇవతల, మంట ఎన్నడూ రాని చోట, మోకాలెత్తువీ చేతిలావువీ ఎగిసె మొక్కలు గుంపుగా కనిపించాయి. ఆయన వాటి మధ్య కూర్చుండిపోయాడు.

"పైన అందరూ ముసలోళ్ళే" అన్నాడు.

"ఏటా మొలుస్తున్నయ్ బాబాయ్. ఏటా కాలిపోతున్నయ్. ముప్పై ఏళ్ళుగా ఒక్కటీ ఎదగలా. ఈ ముసలోళ్ళు పడిపోతే ఈ కొండ మీద ఏముంటది?"

వెంకటప్పయ్య తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. తర్వాత ఆయన అడిగిన ప్రశ్న ఆమెకు నచ్చింది. క్షమాపణలూ ఒట్లూ ఏమీ లేవు అందులో.

"గడ్డి సంగతి చెప్పు ముందు. నా మంద ఏం తినాల?"

దానికి ఆమె దగ్గర జవాబు ఉంది. కోనకి పడమట ఎర్రబోడు అని అరవై ఎకరాల గుట్ట ఉంది. ఎర్రమట్టి, చెట్లు తక్కువ, అంతా గడ్డి. గడ్డి ముదిరి ఎండాక గొర్రెలు తినవు గాని, అక్టోబరులో పచ్చిగా ఉన్నప్పుడే కోసి ఆరబెట్టి వామి వేస్తే వేసవి అంతా తింటాయి. ఎర్రబోడు మీద గడ్డి కోసుకునే హక్కు వెంకటప్పయ్యకీ, ఇంకో మూడు కుటుంబాలకీ ఇవ్వాలి. బదులుగా ఏ కొండ మీదా నిప్పు పెట్టకూడదు. బోడుకీ కోనకీ మధ్య ఫైర్ లైన్ కొట్టాలి, అంటే మంట దాటకుండా గడ్డి చెక్కేసిన ఖాళీ పట్టీ. వాచరుగా ఆయన్నే పెట్టాలి. ఈ ఏర్పాటు మీదే ఆమె రేంజర్ ముందు నిలబడింది.

ఆనంద్ చెడ్డ అధికారి కాదు. జాగ్రత్తపరుడు. రెండు రోజులు ఆలోచించి సంతకం పెడుతూ, "వీడు మళ్ళీ అంటించాడంటే ముందు మీకే మెమో" అన్నాడు.

"అంటించడు సార్" అంది హెప్సిబా.

అంటించలేదు. ఆ అక్టోబరులో మొదటి గడ్డి కోసి వాములు వేశారు. ఫిబ్రవరి వచ్చింది, మార్చి వచ్చింది, రాళ్ళవాగు బీటులో పొగ లేవలేదు. చుట్టుపక్కల మందలవాళ్ళు ఒకరిద్దరు అగ్గిపెట్టె తీయబోతే వెంకటప్పయ్యే పోయి చేయి పట్టుకున్నాడు. వానలు పడ్డాక పడమటి వాలంతా మొలకలు. హెప్సిబా, కొండమ్మ, ఊళ్ళో ఆడవాళ్ళు ఐదుగురు తాడు కట్టి గళ్ళు చేసి లెక్కపెట్టారు. ఎగిసె మొక్కలే మూడు వందల నలభై తేలాయి.

సెప్టెంబరులో నరసరావుపేట నుంచి ఆదిల్ అనే బోటనీ లెక్చరరు విద్యార్థుల్ని తీసుకుని కోనకి వచ్చాడు. మూడు రోజులు ఉండి నూట ఎనభై ఆరు రకాల మొక్కలు రాసుకున్నాడు. తోడు నడిచిన వెంకటప్పయ్య ప్రతి మొక్కకీ తన లెక్క ఒకటి చెప్పేవాడు. ఇది గొర్రె తింటది, ఇది మేక తింటది గొర్రె తినదు, ఇది కడుపు ఉబ్బినప్పుడే తింటది. మూడో రోజు ఆదిల్ నోట్‌బుక్ మూసి, "పెద్దాయన వల్లే పందొమ్మిది పెరిగినయ్ మేడం, నేనైతే తొక్కుకుంటూ పోయేవాణ్ణి" అని ఒప్పుకున్నాడు.

కెమెరాలు పెడితే అందులో కొండగొర్రెలు పడ్డాయి, తలమీద నాలుగు కొమ్ములుండే చిన్న జింకలు, పక్కన పిల్లతో సహా. అలుగు పడింది. ఒళ్ళంతా పెంకులున్న ఆ జీవి చీమల పుట్ట తవ్వుతున్న బొమ్మను ఫోనులో చూసి వెంకటప్పయ్య వెంటనే గుర్తుపట్టాడు.

"చిన్నప్పుడు పడమటి వాలులో కూడా ఉండేది ఇది" అన్నాడు. "పుట్టలు కాలిపోయినయ్. చీమ లేకపోతే అది ఏం తింటది? పోయింది."

అక్టోబరులో నాలుగు కుటుంబాలూ కలిసి మళ్ళీ గడ్డి కోశాయి. బోడు మీదికి బండిదారి లేదు గనక వాములు అక్కడే వేసి, వారానికి సరిపడా మోపులు కట్టి దించుకుంటున్నారు. మొత్తం పద్నాలుగు వాములు వేస్తే, ఏప్రిల్ నాటికి పదకొండు మిగిలాయి. కోతకు పనికిరాని ముదురు బోదగడ్డి మాత్రం మనిషెత్తున నిలబడి ఎండింది. ఏప్రిల్ రెండో వారంలో ఒకరోజు పొద్దున పదకొండూ ఇరవైకి హెప్సిబా ఫోను మోగింది. ఉపగ్రహం చూసి పంపే అగ్ని సమాచారం. ఆమె బీటులోనే, ఎర్రబోడుకి పడమటగా మూడు కిలోమీటర్లు.

ఎవరో పెళ్ళివాళ్ళు రోడ్డు పక్క బస్సు ఆపి వండుకు తిని, పొయ్యి ఆర్పకుండా వెళ్ళిపోయారని తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసింది ఒక్కటే. పడమటి గాలి గట్టిగా వీస్తోంది, మంట ఇటే వస్తోంది.

ఆమె బండి మీద ఊళ్ళోకి వచ్చేసరికి వెంకటప్పయ్య, కొండమ్మ, ఫైర్ లైన్ పనిచేసే ఆడవాళ్ళు ఐదుగురూ అప్పటికే నీళ్ళ డబ్బాలూ గోనెసంచులూ పట్టుకుని నిలబడి ఉన్నారు. పొగ వాళ్ళకి ఫోను కంటే ముందే కనిపించింది. ఎనిమిది మందీ బోడు ఎక్కారు. పైనుంచి చూస్తే పడమటి వాలు అవతల పొగ గోడలా లేస్తోంది. కింద మంట సన్నటి గీతలా కనిపించింది గాని, ఆ గీత అరమైలు పొడుగుంది.

వెంకటప్పయ్య కళ్ళకి చేయి అడ్డం పెట్టుకుని చూశాడు. "వాగు దాటేసింది. గంటంబావులో ఇక్కడుంటది."

"మన లైన్ ఆపుతుందా బాబాయ్?"

ఆయన వెనక్కి తిరిగి బోడుకీ కోనకీ మధ్య, రెండు రాతిగట్ల నడుమ, మూడు వందల అడుగుల పొడుగున, పదడుగుల వెడల్పున చెక్కిన ఫైర్ లైన్ చూశాడు. దాని పక్కనే బోదగడ్డి చూశాడు.

"ఆకుల మంటైతే ఆగుద్ది. ఇది బోద. ఈ గాలికి మంట పడుకుని దూకుద్ది. ఆగదు."

హెప్సిబా ఆనంద్‌కి ఫోను చేయడానికి సిగ్నల్ దొరికే బండ మీదికి ఎక్కింది. గాలి ఊది ఆకులు తోసే బ్లోయర్ మిషన్లతో ఉన్న టీములు రెండూ సాగర్ వైపు ఇంకో మంట దగ్గర ఉన్నాయి. "ఎంత తొందరగా బయల్దేరినా నాలుగవుద్ది" అన్నాడు ఆయన.

"నాలుక్కి కోన ఉండదు సార్. ఎదురుమంట పెడతా. లైన్ పక్కనుంచి బోడు మనమే కాల్చేస్తే, అది వచ్చేసరికి ఇక్కడ గడ్డి ఉండదు."

ఆనంద్ గొంతు తగ్గించాడు. "అది గీత దాటి కోనలోకి పోతే, రిజర్వ్ ఫారెస్టుకి బీట్ ఆఫీసరే నిప్పు పెట్టిందని రాయాల్సి వస్తుంది హెప్సిబా. నేను కూడా కాపాడలేను."

"తెలుసు సార్. మీరు వద్దంటే ఇప్పుడే చెప్పండి."

ఆనంద్, "సిగ్నల్ సరిగా లేదమ్మా. మీ మాట వినపడటం లేదు" అని ఫోను పెట్టేశాడు. ఆయన గొంతు మాత్రం ఆమెకు స్పష్టంగానే వినిపించింది.

బండ దిగి వచ్చి సంగతి చెప్పింది. అందరి కళ్ళూ వాముల వైపు తిరిగాయి. పదకొండు వాములూ బోడు మీదే ఉన్నాయి, కాలాల్సిన చోట. నాలుగు మందలకి వానలు పడేదాకా అదే తిండి. దించడానికి టైము లేదు. గంటలో మహా అయితే ఒక వామి దిగుతుంది, అప్పుడు లైన్ దగ్గర మనిషి ఉండడు.

వెంకటప్పయ్య వాములకేసి చూస్తూ నిలబడిపోయాడు. హెప్సిబాకి ఆయన్ని అడగడానికి నోరు రాలేదు. తాను మాటిచ్చి ఇప్పించిన గడ్డి అది.

"ఏం చూస్తన్నావు" అంది కొండమ్మ మొగుడితో. "చూస్తే నడిచొస్తయ్యా వాములు?"

"గొర్రెలకి ఏం పెడతావే?"

"గొర్రెలకి కాళ్ళున్నయ్. ఎక్కడికైనా తోలుకుపోదాం. ఆ చెట్లకి లేవు."

మిగతా మూడు మందల ఇళ్ళవాళ్ళూ ఆ ఐదుగురు ఆడవాళ్ళలోనే ఉన్నారు, వాళ్ళూ సరేనన్నారు. వెంకటప్పయ్య తలపాగా బిగించి కట్టుకున్నాడు. జేబులోంచి అగ్గిపెట్టె తీసి హెప్సిబా చేతికిచ్చాడు.

"ఎప్పుడు పెట్టాలో నేను చెప్తా. పెట్టేది మాత్రం నువ్వే. నేను పెడితే ఎంకటప్పయ్య మళ్ళీ తగలబెట్టాడంటారు. ఈ అడవికి ఇంక నా చేత్తో నిప్పు పెట్టను."

"నేనే పెడతా" అంది హెప్సిబా.

లైన్ పొడుగునా మనుషుల్ని నిలబెట్టింది. ఒక్కొక్కరి మధ్య యాభై అడుగులు. ప్రతి ఒక్కరి దగ్గరా తడిపిన గోనె, పచ్చి కొమ్మ, నీళ్ళ డబ్బా. అందరి ముఖాలూ కోన వైపు. మంట సంగతి మేం చూసుకుంటాం, మీరు చూడాల్సింది వెనక్కి ఎగిరిపడే నిప్పురవ్వల్ని అని చెప్పింది. కొండమ్మని నడుమ పెట్టింది, ఆమె కేక రెండు చివరలకీ వినిపిస్తుంది గనక.

పొగ ముందొచ్చింది. తర్వాత జీవాలు వచ్చాయి. కుందేళ్ళు రెండు మనుషుల కాళ్ళ మధ్యనుంచే పోయాయి. నెమళ్ళు వచ్చాయి. ఒక ఉడుము పొట్ట ఈడ్చుకుంటూ లైన్ దాటి, ఆగి, వెనక్కి చూసి కోనలోకి దిగింది. కొండగొర్రె ఒకటి పిల్లతో గడ్డిలోంచి ఊడిపడి, ఆడవాళ్ళని చూసి బెదిరి నిలిచింది. వాళ్ళు ఊపిరి బిగబట్టి కదలకుండా ఉన్నారు. అది పిల్లని ముందుకు పొడిచి లైన్ దాటించి, తానూ దూకింది.

మంట బోడు అంచు ఎక్కింది. గడ్డి దొరకగానే దాని చప్పుడు మారిపోయింది. హెప్సిబా ముఖానికి వేడి కొట్టింది. చేతిలో బోదగడ్డి కాగడా కట్టి పట్టుకుని ఉంది.

"పెట్టనా బాబాయ్?"

"ఉండు."

ఆయన గుప్పెట్లో ఎండుగడ్డి నుసి పట్టుకుని వేళ్ళ సందుల్లోంచి వదులుతున్నాడు. నుసి తూర్పుకి, కోన వైపుకి కొట్టుకుపోతోంది. ఇప్పుడు నిప్పు పెడితే అదే దారిలో కోనలోకి పోతుంది. మంట మూడు వందల గజాల్లో ఉంది. మొదటి వామి అంటుకుంది. కొండమ్మ అటు తిరగలేదు.

"బాబాయ్."

"ఉండు మేడమ్మా. పెద్దమంట దగ్గరికొచ్చేకొద్దీ గాలిని తనవైపు లాక్కుంటది. ఆ లాగుడు మనదాకా రావాల."

రెండు వందల గజాలు. ఈ మనిషిని నమ్మి తాను తప్పు చేశానా అన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చింది. ఆయన వేళ్ళ కేసి చూసింది. అవి నుసిని ఎప్పటిలాగే కొంచెం కొంచెంగా వదులుతున్నాయి. ఆ ఆలోచన పోయింది.

ఆయన మళ్ళీ నుసి వదిలాడు. ఈసారి అది నిట్టనిలువుగా కాళ్ళ దగ్గర పడింది. ఇంకోసారి వదిలాడు. నుసి మెల్లగా పడమటికి, మంట వైపుకి జరిగింది.

"ఇప్పుడు."

హెప్సిబా అగ్గిపుల్ల గీసి కాగడా అంటించి లైన్ వెంట పరుగెత్తింది. కాగడా తగిలిన చోటల్లా బోదగడ్డి భగ్గుమని లేచి, తల వంచుకుని పడమటికే నడిచింది. మూడు వందల అడుగులు పరుగెత్తేసరికి కాగడా చేతిదాకా కాలింది. దాన్ని మంటలోకి విసిరి వెనక్కి తిరిగి చూస్తే, తాను పెట్టిన మంట పెద్దమంటకి ఎదురుపోతోంది. రెండూ బోడు నడుమ కలుసుకున్నాయి. ఒక్కసారి తాటిచెట్టెత్తు లేచి, అంతే, కాలడానికి ఏమీ లేక కూలబడిపోయాయి.

పని అయిపోలేదు. నిప్పురవ్వలు లైన్ దాటి నాలుగు చోట్ల పడ్డాయి. కొండమ్మ కేక మీద కేక వేసి మనుషుల్ని పరుగెత్తించింది. ఒక తునికి పొద అంటుకుంటే హెప్సిబా, కొండమ్మ గోనెలతో కొట్టి కొట్టి ఆర్పారు. కోన అంచులో చచ్చి నిలబడిన ఎండుమాను ఒకటి తొర్రలోంచి పొగ వదలడం మొదలెట్టింది. వెంకటప్పయ్య ఆ మానెక్కి తొర్రలో నీళ్ళు పోస్తుంటే, మిగతావాళ్ళు ఊట దగ్గర్నుంచి డబ్బాలు అందించారు. నలభై డబ్బాలు పట్టింది.

నాలుగున్నరకి ఆనంద్ మిషన్లూ మనుషులతో బోడు ఎక్కేసరికి, నల్లటి నేల మీద ఎనిమిది మంది కూర్చుని ఉన్నారు. హెప్సిబా కనుబొమలు కాలిపోయాయి. వెంకటప్పయ్య అరచేతుల్లో బొబ్బలు. వాముల చోట బూడిద గుండ్రాలు. వెనక చెమ్మకోన పచ్చగా ఉంది.

ఆనంద్ లైన్ పొడుగునా నడిచి చూసి వచ్చాడు. "రిపోర్టు రాయాలి. నిప్పు పెట్టిందెవరు?"

"నేనే సార్. నా పేరు రాయండి."

ఆయన కాగితం మోకాలి మీద పెట్టుకుని రాశాడు. రాసింది ఆమెకు చూపించాడు. రేంజర్ అనుమతితో బీట్ ఆఫీసరు ఎదురుమంట పెట్టినట్టు ఉంది అందులో.

"సిగ్నల్ లేదన్నారు గదా సార్."

"తర్వాత వచ్చింది" అన్నాడు ఆనంద్, పెన్ను జేబులో పెట్టుకుంటూ. ఆ పెన్నుతోనే ఒకప్పుడు ఆమెకి మెమో ఇస్తానన్న మనిషి, వెంకటప్పయ్య దగ్గరికి పోయి చేతులు చూపించమని, బొబ్బల మీద మందు తానే పూశాడు.

పై ఆఫీసు నుంచి సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. హెప్సిబా రెండు పేజీల జవాబు రాసి పంపింది. గాలి ఎప్పుడు ఎటు తిరిగిందో, ఎవరు కనిపెట్టారో పేరుతో సహా రాసింది. నెల తర్వాత ఆ ఫైలు మూసేశారు.

కాని గొర్రెలు నెల ఆగలేవు. మంట ఆరిన రాత్రే ఆమె తండ్రికి ఫోను చేసి సంగతంతా చెప్పింది. ఏసయ్య అంతా విని, "మిరప అయిపోయింది, చేలన్నీ ఖాళీ. మంద పడుకుంటే ఎరువు ఊరికే వస్తది. ఆదివారం చర్చి అయ్యాక మనోళ్ళందరికీ చెప్తా. తోలుకు రమ్మను" అన్నాడు. సోమవారానికి పద్దెనిమిది మంది రైతులు మా చేలో పెట్టమంటే మా చేలో పెట్టమన్నారు.

నాలుగు మందలూ కలిసి బయల్దేరాయి. గురజాల మీదుగా దాచేపల్లి సిమెంటు లారీలను తప్పించుకుంటూ, ఆరు రోజులు నడిచి క్రోసూరు చేరాయి. దారిలో మూడు గొర్రెలు ఎండదెబ్బకి పోయాయి. మిగతావి బతికాయి. రెండు నెలలూ కొండమ్మ ఏసయ్య వాకిట్లోనే వండుకుంది. హెప్సిబా తల్లి ఫోను చేసినప్పుడల్లా కొండమ్మ కబుర్లే. "ఆ కొండమ్మొదిన చేసినట్టు గోంగూర నాకు చేతగావడం లా" అని కూడా ఒకసారి ఒప్పుకుంది, అది ఆ తల్లి ఇంతకుముందెవరికీ ఇవ్వని మర్యాద.

జూన్ చివర వానలు పడ్డాక మందలు తిరిగొచ్చాయి. మర్నాడే వెంకటప్పయ్య, హెప్సిబా పడమటి వాలు ఎక్కారు. అక్కడ నష్టం ఉంది. పోయినేడు లెక్కపెట్టిన మూడు వందల నలభై ఎగిసె మొక్కలూ కాలిపోయాయి. ఇద్దరూ వంగి గడి గడీ వెతికారు. కాలిన మొదళ్ళ పక్కన, వేరు బతికిన చోట, ఎర్రటి చిగుళ్ళు వచ్చినవి డెబ్భై రెండు దొరికాయి. మిగతావి పోయాయి. కోన అంచు పెద్ద చెట్లనుంచి మాత్రం రెక్కల కాయలు గాలికి కొట్టుకొచ్చి బోడు దాకా పడి ఉన్నాయి.

"డెబ్భై రెండు తక్కువేం కాదు" అన్నాడు వెంకటప్పయ్య. "ముప్పై ఏళ్ళల్లో ఒక్కటి మిగల్లేదు గదా."

తర్వాత లైన్ దగ్గరికి వచ్చి అడుగులతో కొలిచాడు. "ఈ ఏడు ముప్పై అడుగులు కొట్టాల మేడమ్మా. గడ్డి కోయగానే వాములు కిందకి దించాల, ఒక్కటి కూడా బోడు మీద ఉంచగూడదు. దానికి దారి కావాల."

"డిపార్ట్‌మెంటు కొలత పదడుగులే బాబాయ్. ముప్పైకి సార్ ఒప్పుకోరు."

"మీ సారు బోద మంట ఎంతెత్తు లేస్తదో చూశాడా?"

"చూళ్ళేదు. వచ్చేసరికి ఆరిపోయింది."

"అయితే నేను మాచర్ల వచ్చి చెప్తా. ఎప్పుడు రమ్మంటావు?"

"రేపు పదింటికి రండి" అంది హెప్సిబా. "నేను కూడా ఇరవైకి తగ్గను."

"ఇరవై కాదు, ముప్పై" అని, వెంకటప్పయ్య కొడవలి తీసుకుని ఎక్కడినుంచి ఎక్కడిదాకా కొట్టాలో గుర్తుకి కొమ్మలు నరుకుతూ ముందుకు నడిచాడు. ఆమె తాడు విప్పుకుంటూ వెనకే పోయింది.